బొక్క పెరిగిన మోకాలు

మెదక్‌లో పిండిగిర్ని శివమ్మను ఎరగనివాళ్లు తక్కువ. జొన్నలు పట్టించాలన్నా, పసుపు కొట్టించాలన్నా, తోడికోడలు సుశీల మీద నాలుగు మాటలు వినాలన్నా ఆమె గిర్నికే పోవాలి. మొదటి రెండు పనులకూ కూలి తీసుకుంటుంది. మూడోది ఉచితం.

శివమ్మ పుట్టిల్లు కుల్చారం. ఎల్లంను పెళ్లి చేసుకుని మెదక్ వచ్చేనాటికి ఆ ఇంట్లో అత్త, మరిది స్వామి, వాకిట్లో గిర్ని ఉన్నాయి. కొత్తకోడలు వచ్చిన వారానికే అత్త ఆమె భుజాల వంక చూసి, "బస్తా ఎత్తుతవా బిడ్డా?" అని అడిగింది. శివమ్మ ఎత్తి చూపించింది. ఆ ఒక్కసారి ఎత్తకుండా ఉంటే బాగుండేది. ఎత్తింది కాబట్టి ఆ తర్వాత ఆ ఇంట్లో బస్తా అంటే శివమ్మే. ఎల్లం మంచివాడే గానీ నడుంనొప్పి మనిషి. బెల్టు ఎక్కించడం, మోటారు మొరాయిస్తే దాన్ని బుజ్జగించడం వరకే ఆయన పని.

రెండేళ్లకు స్వామి పెళ్లయింది, సుశీల వచ్చింది. మనోహరాబాద్ వైపు పిల్ల. పదో తరగతి పాసైంది, తెల్లగా ఉంటుంది, నవ్విందంటే ఎదుటివాళ్లు చేస్తున్న పని మరిచిపోతారు. అత్త ఈమెను కూడా బస్తా ఎత్తమని అడుగుతుందని శివమ్మ కాచుకుని కూర్చుంది. అత్త అడగలేదు. "చిన్న పానం, అదేం ఎత్తుతది" అంది. శివమ్మ కడుపులో నిప్పు రాజుకున్నది ఆ మాటతోనే. దాన్ని ఎవరూ ఆర్పలేదు. ఆర్పబోయినా ఆమె ఆర్పనిచ్చేది కాదు.

అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు గిర్ని ఎల్లంకు వచ్చింది, ఊరి బయట ఉన్న రాళ్ల జాగా స్వామికి పోయింది. ఆ రోజు శివమ్మ లోలోపల మురిసిపోయి, పైకి మాత్రం పాపం అంది. మెదక్ జిల్లా కేంద్రం కాగానే ఆ రాళ్ల పక్కనుంచే వెడల్పాటి రోడ్డు పడింది. స్వామి ప్లాట్ల బేరాల్లోకి దిగి తెల్లచొక్కా తొడిగాడు, కారు కొన్నాడు. ఇద్దరి ఇళ్లకూ మధ్య ఇప్పటికీ ఒకటే గోడ. అసలు చిక్కంతా ఆ గోడతోనే. అవతల మిక్సీ తిరిగితే అందులో ఏం వేశారో శివమ్మ వాసన పట్టి చెప్పగలదు. చెప్పిన పూట ఆమెకు అన్నం సహించదు.

ఇక మోకాళ్ల సంగతి. బస్తాలు మోసింది శివమ్మ, మోకాలు ముందు అరిగింది సుశీలకు. నొప్పి కూడా తనకంటే ముందు ఆమెకే వచ్చిందని శివమ్మ నిజంగానే కుమిలిపోయింది. మనకు నవ్వు రావచ్చు. అసూయ పడేవాళ్లకు మాత్రం అందులో నవ్వాల్సిందేమీ కనబడదు.

స్వామి భార్యను హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకుపోయి, అన్నిటికంటే గట్టిది ఏదుంటే అది వెయ్యమన్నాడు. వాళ్లు అట్లాగే వేశారు. కుడి మోకాలి కింది ఎముక మీద మందపాటి లోహపు పళ్లెం, దాని అడుగునుంచి ఎముక లోపలికి దిగిన పొడుగాటి కడ్డీ. ఆ ఎక్స్‌రేను స్వామి ఫోన్‌లో పెట్టుకుని ప్లాట్లు చూడవచ్చినవాళ్లకు కూడా చూపించాడు. వాడకట్టు ఆడవాళ్లు గుంపులుగా వచ్చి పలకరించారు. సుశీల కుచ్చిళ్లు కొంచెం పైకి జరిపి, "స్టీలుది. నూరేండ్లయినా ఏం గాదట" అని చెప్పేది.

శివమ్మ కూడా పోయింది. చెయ్యి పెట్టి చూడమంటే పెట్టి చూసింది. మంచిగున్నదని చెప్పి ఇంటికొచ్చి, ఒకరి మక్కలు ఇంకొకరి జొన్నల్లో కలిపి పట్టేసి ఆ సాయంత్రమంతా తిట్లు తిన్నది.

కొన్నేళ్లకు శివమ్మ మోకాలు కూడా లేవనంది. సర్కారు కార్డు మీద ఆమెకూ హైదరాబాద్‌లోనే చేశారు. పైభాగం లోహమే గానీ, కింది ఎముక మీద కూర్చోబెట్టింది మాత్రం మొత్తం ప్లాస్టిక్ ముక్క. పళ్లెం లేదు, పొడుగాటి కడ్డీ లేదు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఆ మాట మామూలుగానే చెప్పాడు. శివమ్మ మామూలుగా వినలేదు. స్టీలు బిందె ఉన్న ఇల్లు ప్లాస్టిక్ బిందె ఉన్న ఇంటిని ఎట్లా చూస్తుందో ఆమెకు బాగా తెలుసు.

"ఆమెకు స్టీలు, నాకు ప్లాస్టికా?" అని ఎల్లంను అడిగింది.

"నడుస్తున్నవు గదనే" అన్నాడు ఎల్లం. ఆయనతో మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

వాడకట్టులో ఎవరడిగినా ఏదో బయటి దేశంది అని దాటేసింది. కానీ సుశీలకు ఎట్లాగో తెలిసిపోయింది. అప్పట్నుంచి ఎదురుపడితే చాలు, "జర పైలం అక్కా, నీది ప్లాస్టిక్ గదా" అనేది. ఆ చివరి 'గదా' ఉంది చూడండి, అది మామూలు దెబ్బ కాదు. జాగ్రత్త చెప్పినట్టే ఉంటుంది, తిరిగి ఏమీ అనడానికి లేకుండా చేస్తుంది.

ఈ ఏడు వానలు తగ్గుముఖం పట్టాక సుశీల మోకాలు కొద్దిగా సలపడం మొదలైంది. అప్పటికే మెదక్‌లో ఒక క్లినిక్‌కు ఆదివారాలు హైదరాబాద్ నుంచి ఎముకల డాక్టరు వస్తున్నాడు. పేరు వంశీ. భీమవరం కుర్రవాడు, తెలంగాణకు వచ్చి నిండా ఏడాది కాలేదు. ఆయన మాట రోగులకు, రోగుల మాట ఆయనకు ఒక్కోసారి అందేది కాదు. మెదక్ మనిషే అయిన నర్సు సువార్తమ్మ మధ్యలో నిలబడి అటుది ఇటు, ఇటుది అటు చేరవేసేది. తోడికోడళ్లిద్దరూ వెళ్లిన ఆదివారం సువార్తమ్మ సెలవులో ఉంది.

స్వామి కారులోనే పోయారు. సుశీల ముందు సీట్లో, శివమ్మ వెనక. ఊరికే వస్తున్న కారు కదా, తన మోకాలు కూడా ఒకసారి చూపించుకుందామని శివమ్మ ఎక్కింది. ఇంకో కారణం కూడా ఉంది. సుశీల మోకాలి గురించి డాక్టరు ఏమంటాడో చెవులారా వినాలి. స్వామి ఫోన్ పట్టుకుని బయటే నిలబడిపోయాడు. ఇద్దరికీ ఎక్స్‌రేలు తీసి లోపలికి పిలిచారు.

డాక్టరు సుశీల పాత ఫిల్మును, కొత్త ఫిల్మును పక్కపక్కన లైటు మీద పెట్టి కాసేపు చూశాడు.

"ఇక్కడ బొక్క కనపడతందండి. పాత ఫిల్ములో ఇంత లేదు, బాగా పెరిగింది. ఇది తేలిగ్గా తీసుకునేది కాదు, జాగ్రత్తగా చూసుకోవాలి. ఒకసారి హైదరాబాద్ వచ్చి స్కాన్ చేయించుకోండి."

మెదక్‌లో బొక్క అంటే ఎముక. తన బొక్క కనబడుతోందని, ముందుకంటే బాగా పెరిగిందని, దాన్ని జాగ్రత్తగా చూసుకోమన్నాడని సుశీల విన్నది. మొహం విచ్చుకుంది. "మంచిది సారు" అంది. డాక్టరు ఆ నవ్వు చూసి కొంచెం తికమకపడ్డాడు గానీ, వాకిట్లో ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు.

తర్వాత శివమ్మ ఫిల్ము పెట్టాడు. "మీకేం బొక్క లేదమ్మా" అన్నాడు.

శివమ్మ కుర్చీ అంచుకు జరిగింది. "అస్సలు లేదా సారు?"

"అస్సలు లేదు. హాయిగా ఇంటికెళ్లండి" అని నవ్వుతూ చెప్పాడు డాక్టరు. మనిషి ఒంట్లో బొక్క లేదని చెప్పి ఇట్లా నవ్వేవాణ్ని శివమ్మ ఎక్కడా చూడలేదు.

కారు కదిలాక సుశీల ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది. "రంధి పెట్టుకోకు అక్కా. ప్లాస్టిక్ కింద బొక్క ఎట్ల నిలుస్తది చెప్పు. నాదంటె స్టీలు, దాన్ని పట్టుకొని పెరిగింది."

స్కాన్ సంగతి విని స్వామి కొట్టిపారేశాడు. "పెరిగినదానికి స్కాన్ ఎందుకు? పెద్ద దవాఖానకు పంపిచ్చుడు వీళ్లకు అలవాటే."

శివమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. రోడ్డు ఆమెకు కనబడలేదు. బస్తాలు మోసిన తన ఒంట్లో బొక్క లేదు, చీపురు కూడా ఒంగి పట్టని ఆమె ఒంట్లో పెరుగుతోంది. దేవుడికి ఇంత పక్షపాతం ఏమిటని ఆ రోజంతా లోలోపల దేవుణ్ని కడిగి ఆరేసింది.

తెల్లారాక గోడ అవతలినుంచి టిఫిన్ డబ్బా వచ్చింది. మూత తీస్తే మేకకాళ్ల సూపు. "అక్కకు బొక్క లేదట, జర తాగమను, బలమొస్తది" అని ఎల్లంతో చెప్పి పంపించింది సుశీల. ఇంతకంటే పెద్ద అవమానం శివమ్మకు జీవితంలో జరగలేదు. డబ్బా తీసుకుపోయి మోరీలో పోద్దామని లేచింది. మిరియాలు దండిగా వేసి బాగా ఉడికించిన సూపు, వాసన ఇల్లంతా కమ్మింది. వాకిలిదాకా పోయి తిరిగొచ్చింది. తిట్టుకుంటూ, ఒక్క చుక్క మిగల్చకుండా తాగింది.

సుశీల అంతటితో ఆగలేదు. ఆపరేషన్ అయినప్పట్నుంచి బతుకమ్మ ఆటలో పక్కన కుర్చీ వేసుకుని చప్పట్లు కొడుతూ కూర్చునేది. "ఇగ ఏం భయం లేదు, ఈయేడు సద్దులదాక అన్ని దినాలు ఆడుత" అని వాడకట్టంతా చెప్పింది. చేతికర్ర మూలకు పెట్టేసింది. కుర్చీ వదిలి పీట మీద కూర్చోవడం మొదలుపెట్టింది. ఆమె ఒంగి లేచినప్పుడల్లా శివమ్మ కడుపులో ఎవరో కట్టెలు ఎగదోసినట్టుండేది.

ఉండబట్టలేక మళ్లీ ఆదివారం ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి క్లినిక్‌కు పోయింది. సువార్తమ్మ బయట పేర్లు పిలుస్తోంది. శివమ్మ లోపలికి పోయి డాక్టరు ముందు కూర్చుంది.

"సారు, మా యారాలుకు పెరిగినట్టు నాకు గూడ పెరగనీకె ఏమన్న మందు రాయుండ్రి."

తోడికోడలికి పెరిగినట్టు ఈమెకేం పెరగాలో డాక్టరుకు అర్థం కాలేదు. "ఫిల్ము ఇవ్వండమ్మా చూస్తాను" అన్నాడు. శివమ్మ సంచిలోంచి కవరు తీసింది. ఆయన అందుకుంటుంటే ఫిల్ము కింది నుంచి జారి బల్ల మీద పడింది.

"ఈ కవరుకి బొక్కుందమ్మా. వేరేది మార్పించుకోండి, దార్లో పడిపోద్ది."

శివమ్మ కవరు వంక చూసింది. కాగితపు కవరు. దానికి బొక్క ఏమిటి? డాక్టరు వేలు పెట్టి చూపిస్తున్న చోట అడుగున ఇంత చిరుగు, అందులోంచి ఆయన వేలు కనబడుతోంది.

"గిది బొక్కనా సారు?"

"అవునండి, ఇదే. ఏం?"

అట్లాంటి చిల్లును మెదక్‌లో పొక్క అంటారు. పొక్కకూ బొక్కకూ ఒక్క అక్షరమే తేడా. ఆ ఒక్క అక్షరం మీద శివమ్మ కాసేపు కదలకుండా కూర్చుంది. తనకు లేనిదేమిటో, సుశీలకు పెరిగినదేమిటో మెల్లగా బుర్రకెక్కింది. పైకి మాత్రం ఏమీ తెలియనట్టే అడిగింది. "మా యారాలుకు గట్ల ఎందుకైంది సారు? ఆమెది ఖరీదుది గదా. స్టీలుది."

డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. "ఖరీదు కాదమ్మా, దాని తీరు. ఆవిడకి పెట్టిన పళ్లెం మందంగా, మరీ గట్టిగా ఉంది. కింద కడ్డీ కూడా పొడుగు. అడుగేసినప్పుడు పడే బరువులో చాలామటుకు ఆ రెండే తీసేసుకుంటన్నాయి. పళ్లెం కిందున్న ఎముకకి పని లేదు. పని లేని ఎముకని ఒళ్లు అట్టేపెట్టుకోదు, మెల్లమెల్లగా కరిగించేస్తది. పైగా మధ్యలో ఉండే ప్లాస్టిక్ అరిగి, ఆ పొడి కూడా ఎముకని తినేస్తంది. అందుకే బొక్క పడింది. అందరికీ ఇలా అవదు, ఇరవై ఏళ్లు బాగున్నవాళ్లు బోలెడుమంది. ఈవిడకి అయింది."

"మరి నాది?"

"మీకు కింద పెట్టింది అంత గట్టిది కాదు. బరువుని ఎముక మీదికి దింపుద్ది. మీ ఎముక రోజూ పని చేస్తంది, అందుకే రాయిలా ఉంది."

శివమ్మ జీవితంలో తన ఒంటిని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి. గాలిలో తేలినట్టయింది. ఇంతలో డాక్టరు అడిగాడు. "ఆవిడ హైదరాబాద్ వెళ్లారా? ఫోను కూడా ఎత్తట్లేదు. చాలా పల్చబడిపోయిందమ్మా లోపల. కాలు మడతబడి పడ్డారంటే ఆ ఎముక గుడ్డుపెంకులా నలుగుద్ది. అప్పుడు వేరేది పెట్టడానికి కూడా పట్టు దొరకదు. నడక కష్టం. మీరు కాస్త గట్టిగా చెప్పండి."

"చెప్త సారు. పోతరు" అంది శివమ్మ.

చెప్పాలనే అనుకుని ఆటో దిగింది. గేటు దగ్గర సుశీల నిలబడి ఉంది. "దవాఖానకు పోయినవా అక్కా? నువ్వొక్కదానివే? ఏమన్నడు, ఏం లాభం లేదన్నడా?" అని ముద్దుగా పలకరించింది. శివమ్మ గేటు గడియ తీసింది. "ఏమనలే" అని లోపలికి పోయింది.

అమావాస్య దగ్గరపడింది. ఆ నాలుగు దినాలూ శివమ్మ అనుభవించిన సుఖం ముందెన్నడూ లేదు. సుశీల తన బొక్క గొప్ప చెప్పుకుంటుంటే మక్కలు పోస్తూ వినేది. ఇదివరకు మంటగా ఉండే మాటలే ఇప్పుడు తియ్యగా ఉన్నాయి. గోడ అవతల ఏం వండుతున్నారో ముక్కుకు పట్టడం కూడా మానేసింది. కడుపునిండా తిన్నది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంది. చెడ్డది కాదు శివమ్మ. కానీ ఇన్నేళ్లకు చేతికి దొరికింది, దాన్ని అంత తొందరగా జారవిడుచుకోవడానికి మనసు ఒప్పలేదు.

అమావాస్య రోజు, ఎంగిలిపూల నాడు, ఆట మొదలైంది. గునుగుపూలు, తంగేడు పేర్చుకుని వాడకట్టు ఆడవాళ్లంతా చేరారు. సుశీల పట్టుచీర కట్టుకుని అందరితో పాటు గుండ్రంగా తిరుగుతూ, ఒంగి చప్పట్లు కొడుతోంది. శివమ్మ కూడా ఆ వరసలోనే ఉంది. ఆమె పాట మరిచిపోయి సుశీల కుడి కాలినే చూస్తోంది. ఒంగినప్పుడల్లా పళ్లెం, దాని కింద గుడ్డుపెంకు కళ్ల ముందుకు వచ్చాయి. పడితే బాగుండు అని ఒకసారి అనిపించింది. నిజమే, అనిపించింది. వెంటనే అడుగు తప్పి, పక్కనామె కాలు తొక్కేసింది.

ఇక సుఖం పోయింది. తర్వాతి దినాల్లో సుశీల ఆట నుంచి ఇంటికి కొంచెం కుంటుతూ పోవడం శివమ్మ ఒక్కతే గమనించింది. అడిగితే, "బొక్క పెరుగుతుంటె జర నొస్తది గదా" అంది సుశీల. నాలుగో నాడు పూలు పేర్చే వేళకు శివమ్మ గోడ అవతలి ఇంటికి పోయింది. భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. కవరు సంగతి, భీమవరం మాట సంగతి, పడితే ఏమవుతుందో అంతా చెప్పింది.

సుశీల సాంతం విని పళ్లెంలో పూలు సర్దుకుంది.

"అక్కా, పొక్కను పొక్క అంటరు, బొక్కను బొక్క అంటరు. గంత చదివిన డాక్టరుకు గా మాత్రం తెల్వదా?"

"ఆయన దిక్కు అట్లనే అంటరే. ఒట్టు."

"నీకు ఎప్పటిసంది నామీద కడుపుల మంటనో నాకెర్క లేదా? నాకు పట్టుచీర కొంటె రంగు పోతదంటివి. కారు కొంటె గుద్దుకుంటదంటివి. ఇప్పుడు బొక్క పెరిగితె పొక్క అంటున్నవు."

స్వామి నవ్వాడు. "వదినా, నువ్వు పోయి సత్తుపిండి పట్టుకో పో."

చీర రంగు పోతుందని శివమ్మ అన్నది నిజమే, కారు గుద్దుకుంటుందన్నదీ నిజమే. అవన్నీ ఏ గొంతుతో అందో ఈ మాట కూడా అదే గొంతుతో వచ్చింది. ఇంటికొచ్చి ఎల్లంకు చెబితే ఆయన కూడా, "ఆమెతోని నీకెందుకే" అన్నాడు. ఆ పూట శివమ్మ మొదటిసారి సుశీల మీద కాకుండా తన మీద తాను మండిపడింది. సాయంత్రం గోడ అవతల గజ్జెల పట్టీల చప్పుడు ఆటకు బయలుదేరింది.

మర్నాడు గిర్ని దగ్గర సందు లేదు. ఆటకు చివరి దినమైన సద్దులకు సత్తుపిండి పట్టించుకోవడానికి సగం వాడకట్టు డబ్బాలు పెట్టుకుని కూర్చుంది. శివమ్మ పిండి దులుపుకుంటూ, ఎవరూ అడక్కుండానే గొంతు పెంచింది.

"రేపు నేను హైదరాబాద్ పోతున్న. నాకు కొత్త మిషిన్ల చూస్తరట. బయటి దేశంకెల్లి వచ్చిందట. అందరికి చెయ్యరట, మోకాలు మంచిగున్నోళ్లకే చేస్తరట. డాక్టరే ఫోన్ చేసి రమ్మన్నడు."

"మరి సుశీలమ్మ?" అంది ఒకామె.

"ఆమె మాట ఆయన ఎత్తలే" అని మళ్లీ గిర్ని పెట్టింది శివమ్మ. ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. గిర్నిలో వేసిన మాట గోడ దాటడానికి ఎంతసేపు పడుతుందో ఆమెకు తెలుసు.

డబ్బాలు ఇంకా సగం కూడా కాలేదు, సుశీల వచ్చి నిలబడింది. మొహం ఎర్రగా ఉంది. శివమ్మ ఆ మొహాన్ని చూసి ఉలిక్కిపడింది. ఆ చూపు, ఆ బిగబట్టిన పెదవి ఆమెకు కొత్త కాదు. రోజూ అద్దంలో చూసేవే. సుశీల మొహంలో కూడా అవి ఉండగలవని ఎన్నడూ తోచలేదు.

"నాకెందుకు చెప్పలే?" అంది సుశీల.

"నీకెందుకే, నీ బొక్క మస్తుగున్నది గదా."

"ఉంటె ఏంది, చూపిచ్చుకోవద్దా? ప్లాస్టిక్ దానికి చేస్తరు, స్టీలుకు చెయ్యరా? రేపు కారుల పోదాం. నువ్వు ఆటో గీటో మాట్లాడకు."

మర్నాడు అలిగిన బతుకమ్మ. ఆ నాడు ఆట ఉండదు కాబట్టి సుశీలకు అడ్డు కూడా లేదు. స్వామి గొణుగుతూనే కారు తీశాడు. శివమ్మ వంశీ డాక్టరుకు ఫోన్ చేసి వస్తున్నామని చెప్పి పెట్టింది. కుల్చారం దాటింది, కౌడిపల్లి దాటింది. "నీకేం జేస్తరు, నాకేం జేస్తరు" అని సుశీల దారి పొడుగునా ఆరా తీసింది. "చూసినంక చెప్తరట" అంటూ వచ్చింది శివమ్మ. కారు గతుకులో పడ్డప్పుడల్లా ముందు సీటును గట్టిగా పట్టుకుంది.

దవాఖానలో వంశీ వాళ్లను పెద్ద డాక్టరు దగ్గర కూర్చోబెట్టాడు. ఆయనది కరీంనగర్. స్కాన్ చూసి సుశీలను అడిగాడు, "నువ్వెట్ల నడుస్తున్నవమ్మా అసలు? నీ స్టీలు కింద బొక్క కరిగి పొక్కలు పడ్డయి. చెయ్యి పెడితె లోపలికి పోయేతట్టున్నది."

స్వామి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"దీనిమీద ఏమన్న బరువు గిరువు ఎత్తినవా?"

"బతుకమ్మ ఆడిన" అంది సుశీల, వినీ వినబడకుండా.

"పడలే, మంచిగైంది. పడితె నేను గూడ ఏం చెయ్యకపోతుంటి. ఇయ్యాలటిసంది కాలు కింద పెట్టద్దు. పాతది తీసి, పొక్కలు నింపి, వేరేది ఎయ్యాలె."

వేరేది ఎట్లా ఉంటుందో ఆయన బొమ్మలో చూపించాడు. పాతదానికంటే పెద్దది. పొక్కల్లో కూర్చునే జాలీ జాలీ లోహపు గిన్నెలు వేరే ఉన్నాయి. ఎముక ఆ జాలీలోకి పాకి పట్టుకుంటుందట. శివమ్మ ఆ బొమ్మ చూస్తుంటే పాత మంట ఒక్కసారి కడుపులో భగ్గుమంది. ఇంత జరిగినా ఆమెకే పెద్దది. సిగ్గేసి తల తిప్పుకుంది.

మూడో నాడు ఆపరేషన్. లోపలికి తీసుకుపోయేముందు సుశీలకు ఆకుపచ్చ గౌను తొడిగారు. స్వామి సంతకాలకు పోయాడు. మంచం పక్కన శివమ్మ ఒక్కతే ఉంది.

"కొత్త మిషిన్ అని ఉత్తగనే అన్నవు గదా?" అంది సుశీల.

"ఉత్తదే. లేకుంటె నువ్వొస్తుంటివా?"

"రాకపోతుంటి." సుశీల పైకప్పు వంక చూసింది. "నీ కాలు రాయోలె ఉన్నదట గదా. వంశీ డాక్టరు చెప్పిండు." ఆ మాటలో కుళ్లు ఉంది. దాచుకోలేదు కూడా. తల ఇటు తిప్పింది. "నువ్వు నాకు నాలుగో దినం చెప్పినవు. నీకు ఎప్పుడు తెల్సింది?"

శివమ్మ అబద్ధం వెతుక్కుంది. దొరక్క కాదు, ఎందుకో చెప్పబుద్ధి కాలేదు.

"అమాస ముందలనే."

సుశీల ఆ మాటను లోపల లెక్కవేసుకుంది. ఎంగిలిపూల నాటినుంచి తాను ఎన్నిసార్లు ఒంగిందో, ఎన్నిసార్లు తిరిగిందో అంతా ఆమె కళ్లలో కనబడుతూనే ఉంది. అరుస్తుందని శివమ్మ కాచుకుంది. తిట్టినా పడదామని తల వంచుకుంది.

"నేనైతె సద్దులదాక ఆగుతుంటి" అంది సుశీల.

సుశీల నోటినుంచి వచ్చిన మాటను శివమ్మ ఎదురు చెప్పకుండా నమ్మింది ఆ ఒక్కసారే.